అక్కా ఒక మాట: లేవీయకాండం దగ్గర ఆగిపోయినవాళ్ళకి

అందరికీ వందనాలు. పోయిన సంచికలో ఒక చిన్న ప్రశ్న వేశాను గుర్తుందా, రోజూ చేసే పనుల్లో ఏది మీ విశ్వాసాన్ని నిలబెడుతోంది, ఏది మెల్లగా తినేస్తోంది అని. నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, అందులో మొదటి సగం దాదాపు ఎవరూ రాయలేదు, అందరూ రెండో సగమే రాశారు. ఒక్కొక్కరిది ఒక్కో కథ గానీ చదువుతుంటే అందరి గొంతులో ఒకటే వినపడుతోంది, "అక్కా నేను ఫెయిలయ్యాను, ఎవరికీ తెలీదు" అని. ఆ రెండో ముక్క ఉంది చూశారూ, ఎవరికీ తెలీదు అన్నది, నాకు మొదటిదానికంటే అదే ఎక్కువ భయమేసింది. ముందే చెప్పేస్తున్నా, నేను పాస్టర్ని కాదు, వేదాంత కాలేజీ గుమ్మం తొక్కలేదు, చాలా ఏళ్ళు సండేస్కూల్ చెప్పాను, అంతే. తప్పు రాస్తే తిట్టండి, వేసుకుంటా.

ప్రశ్న: అక్కా వందనాలు. నా వయసు 26, జాబ్ చేస్తున్నా. ప్రతి జనవరి ఒకటో తారీఖున ఏడాదిలో బైబిల్ మొత్తం చదివేయాలని ప్లాన్ పెట్టుకుంటా. ఆదికాండం సూపర్‌గా వెళ్తుంది, నిర్గమకాండం సగం దాకా బానే ఉంటుంది, ప్రత్యక్ష గుడారం కొలతలు మొదలయ్యేసరికి స్లో అవుతా, లేవీయకాండం దగ్గర ఫుల్ స్టాప్. ఈసారి యాప్‌లో "మీరు 19 రోజులు వెనకబడ్డారు" అని ఎర్రగా చూపిస్తుంటే చూడ్డానికే సిగ్గేసి ఆ యాపే తీసేశా. నాకు లేనిది క్రమశిక్షణా లేక విశ్వాసమా?

తమ్ముడూ, రెండూ ఉన్నాయి, నీకు లేనిది సరైన లెక్క. 66 పుస్తకాల్లో కలిపి 1189 అధ్యాయాలు, 365తో భాగిస్తే రోజుకి మూడుంపావు. చూడ్డానికి తక్కువే గానీ నిన్నటిదాకా రోజుకి ఒక్క వచనం కూడా చదవని మనిషి ఇవాళ్టి నుంచి మూడుంపావు అధ్యాయాలు అంటే, ఎప్పుడూ పరిగెత్తనివాడు మొదటిరోజే పది కిలోమీటర్లు పెట్టుకున్నట్టు. మనం వాడే చాలా ప్లాన్లకి తాత లాంటిది ఒకటుంది, స్కాట్లాండ్‌లో రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అనే కుర్ర పాస్టర్ 1842 చివర్లో తన సంఘం కోసం రాసింది. రోజుకి నాలుగు అధ్యాయాలు, ఏడాది తిరిగేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండుసార్లు అయిపోతాయి. ఇప్పటికీ యాపుల్లో ఆయన పేరుతోనే ఉంటుంది. అయితే చాలామందికి తెలియని సంగతేంటంటే ఆ ప్లాన్ ఇస్తూనే ఆయనే దీంట్లో ప్రమాదాలు కూడా ఉన్నాయి చూసుకోండి అని రాశాడు, మొక్కుబడిగా మారొచ్చు, ఇవాళ్టి కోటా అయిపోయింది కదా అని మనమీద మనకే ముచ్చటేయొచ్చు, గబగబా చదివేసి ఏం చదివామో తెలియకపోవచ్చు, కొంతమందికి మోయలేని కాడి అవ్వొచ్చు అని. అప్పటికి ఆయన వయసు 29. అంటే నీకు వచ్చిన ఇబ్బంది ప్లాన్ రాసినాయనకి ముందే తెలుసు, నువ్వేం కొత్తగా చెడిపోలేదు.

ఇంకోటి, 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది అని అందరూ అంటుంటారు కదా, ప్రసంగాల్లో కూడా విన్నా నేను. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని పెట్టుకుని చూశారు, కొత్త పని ఒకటి ఆలోచించకుండా దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో అని. మధ్యస్థంగా 66 రోజులు అని తేలింది, మనిషిని బట్టి పనిని బట్టి 18 నుంచి 254 దాకా ఉంది. నాకు అందులో బాగా నచ్చిన ముక్క ఏంటంటే మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. నువ్వేమో ఒకరోజు తప్పగానే రేపు ఏడు అధ్యాయాలు అనుకున్నావు, ఎల్లుండికి పది, ఆ తర్వాత ఆ ఎర్ర అంకె. నిన్ను ఆపింది లేవీయకాండం కాదు, ఆ బాకీ.

నిర్గమకాండం 16 ఇప్పటికే చాలాసార్లు చదివుంటావు, మొదటి సగంలోనే ఉంది కాబట్టి. ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నా, దాన్ని ఏరోజుది ఆరోజు ఏరుకోవడమే, విశ్రాంతి దినం ముందురోజు తప్ప. దాచుకున్నవాళ్ళకి పురుగులు పట్టాయి. నిన్న ఏరుకోనిది కూడా ఇవాళ వెళ్ళి వెతికితే దొరకదు, ఎండకి కరిగిపోయింది. నిన్నటిది పోయింది, ఇవాళ్టిది నేలమీదుంది, అంతే. కాబట్టి ఆ 19 రోజులు కొట్టేయ్. తేదీలున్న ప్లాన్ వద్దు నీకు.

మార్కు సువార్తతో మొదలుపెట్టు, 16 అధ్యాయాలే. రోజుకి సగం అధ్యాయం చాలు, అది కూడా ఆల్రెడీ రోజూ చేసే పని ఏదైనా ఉంటే దాని వెనకే పెట్టుకో, స్నానం అయ్యాక అనుకుంటే స్నానం అయ్యాకే. "టైమ్ దొరికినప్పుడు" అనేది మాత్రం వద్దు, అది దొరకదు. వీలైతే కాగితం బైబిలే తీసుకో, ఫోన్‌లో చదివేటప్పుడు పైనుంచి మెసేజ్ జారిందంటే కపెర్నహూములో మొదలైనవాడివి ఎక్కడ తేలతావో నీకే తెలీదు. చదివాక ఒక్కటే అడుగు, ఇందులో యేసు ఎవరితో ఎలా ఉన్నాడు అని. తర్వాత ఫిలిప్పీ పత్రిక తీసుకుని నాలుగు అధ్యాయాలూ ఒకే కూర్చోవడంలో చదువు, ఉత్తరం ఎవరైనా ముక్కలు ముక్కలుగా చదువుతారా, ఈ వచనాల నంబర్లు కొత్త నిబంధనలో ఇప్పుడున్నట్టు వచ్చిందే 1551లో, ఆ ఉత్తరం రాసిన పౌలుకి అవేం తెలీవు పాపం. లేవీయకాండానికి కూడా వెళ్దువుగాని, హెబ్రీ పత్రిక చదివాక వెళ్తే అది వేరే పుస్తకంలా కనిపిస్తుంది, నామాట నమ్ము.

నా సంగతి కూడా చెప్తా. ఒక రెండేళ్ళు నేను బైబిల్ రోజూ తెరిచాను, ఒక్కరోజు మానలేదు. కానీ తెరిచింది ఆదివారం పిల్లలకి ఏం చెప్పాలా అని, నాకోసం ఒక్క పేజీ తిప్పలేదు. యాప్ ఉండుంటే నాకు పూర్తి మార్కులు వేసేది. అందరూ "అక్క ఎంత బాగా చదువుతుంది" అంటుంటే నేను కాదనలేదు. ఆ రెండేళ్ళు నేను ఎండిపోయినంత ఇంకెప్పుడూ ఎండిపోలేదు. నువ్వు సిగ్గుతో ఆగిపోయావు, నేను సిగ్గులేకుండా సాగిపోయాను, ఇందులో ఎవరి పరిస్థితి బాగుందంటావు?

ప్రశ్న: పని చేసుకుంటూ, నడుస్తూ, బస్సులో నిలబడి చేసే ప్రార్థన ప్రార్థనేనా? మా అత్తగారు మోకాళ్ళమీద లేకపోతే లెక్కలోకి రాదంటారు.

లెక్కలోకి వస్తుందమ్మా. నెహెమ్యా రాజుగారి ముందు నిలబడి ఉన్నాడు, రాజు "ఏం కావాలి" అని అడిగాడు, ఆ ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఆయన దేవుడికి ప్రార్థన చేశాడని ఆయన పేరుతోనే ఉన్న పుస్తకం రెండో అధ్యాయంలో ఉంది. ఎంతసేపు చేసుంటాడు, రెండు సెకన్లా? రాజు ముందు మోకాళ్ళేస్తే అదో గొడవ. అయితే మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయకు, ఎందుకంటే అదే నెహెమ్యా మొదటి అధ్యాయంలో కొన్ని రోజులు కూర్చుని ఏడ్చి ఉపవాసం ఉండి ప్రార్థన చేసినవాడు, ఆ రోజులున్నాయి కాబట్టే ఈ రెండు సెకన్లకి మాట దొరికింది. నడుస్తూ మాట్లాడుకునే భార్యాభర్తలు ఎప్పుడో ఒకప్పుడు కూర్చుని కూడా మాట్లాడుకోవాలి కదా. అత్తగారికి మాత్రం ఇది చదివి వినిపించకు.

ప్రశ్న: అక్కా, నా వయసు 38. ఆదివారం గుడి మానను, భోజనానికి ముందు ప్రార్థన మానను, పడుకునే ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. బయటికి చూస్తే అన్నీ ఉన్నాయి. ఒక ఏడాది నుంచి లోపల ఏమీ లేదు. పాటలు పాడుతుంటే పక్కవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు, నాకు ఏమీ అనిపించదు. ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నేను పిల్లలకి ప్రార్థన నేర్పేదాన్ని కదా, నాకే ఇలా ఉందంటే ఏమనుకుంటారు. ఇలాగే చేసుకుంటూ పోతే వేషధారిని అవుతానా, మానేస్తే విశ్వాసం పోగొట్టుకుంటానా?

చెల్లీ నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

వేషధారణ గురించి ముందు. ఏమీ అనిపించకపోయినా ప్రార్థన చేయడం వేషధారణ కాదు, దాన్ని నమ్మకంగా ఉండటం అంటారు. జ్వరంతో ఉన్న పిల్లాడి పక్కన అర్ధరాత్రి కూర్చున్న తల్లికి ఆ టైమ్‌లో ప్రేమ పొంగిపోతూ ఏమీ ఉండదు, నిద్ర వస్తుంటుంది, విసుగుంటుంది, అయినా కూర్చుంటుంది. ఆ కూర్చోవడమే ప్రేమ. వేషధారణ ఎక్కడ మొదలవుతుందంటే, ఏమీ అనిపించట్లేదు అన్న సంగతి దేవుడి దగ్గర కూడా దాచిపెట్టి, "ప్రభువా నా హృదయం నీ ప్రేమతో నిండిపోయింది" అని గోడకి చెప్తున్నావు చూడు, అక్కడ. మానాల్సింది ప్రార్థన కాదు తల్లీ, ఆ వాక్యం.

కీర్తన 88 చదివావా ఎప్పుడైనా? ఎవరూ దానిమీద ప్రసంగం చేయరు, నాకు తెలిసి ఎవరూ ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకోరు కూడా. మిగతా విలాప కీర్తనలు చాలామటుకు ఎక్కడో ఒక దగ్గర మలుపు తిరుగుతాయి, "అయినను నేను నిన్ను నమ్ముకొనియున్నాను" అని వస్తుంది. ఇది తిరగదు, చీకటితోనే అయిపోతుంది. ఆ పాట రాసినవాడు మాత్రం రోజూ నీకు మొరపెడుతున్నా, పొద్దున్నే నా ప్రార్థన నీ దగ్గరకి వస్తోంది అంటూనే ఉన్నాడు, అంటే అలవాటు మానలేదు, అబద్ధమూ ఆడలేదు. 13వ కీర్తనలో దావీదు మొదటి రెండు వచనాల్లోనే ఎన్నాళ్ళు, ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతాడు. ఇవన్నీ దేవుడి పుస్తకంలోనే ఉన్నాయి, ఎవరూ తీసెయ్యలేదు. నువ్వు ఓ పదిరోజులు సొంతమాటలు పక్కనపెట్టి ఈ రెండిట్లో ఒకదాన్ని పైకి చదువు. మాటలు లేనప్పుడు అరువు తెచ్చుకోవడం తప్పు కాదు, శిష్యులు ప్రార్థన నేర్పమని అడిగితే యేసు కూడా మాటలే ఇచ్చాడు.

ఇంకో సంగతి అడగాలి, తప్పుగా అనుకోకు. నిద్ర పడుతోందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన మిగతా పనులు, పిల్లలతో నవ్వడం, పాటలు వినడం, అవి కూడా ఇలాగే చప్పగా ఉన్నాయా? ఒక్క ప్రార్థనే అయితే ఒకటి, అన్నీ అలాగే ఉంటే అది ఆత్మీయ సమస్య అని మనం అనుకుంటున్నాం గానీ డిప్రెషన్ కావొచ్చు, డాక్టర్‌కి చూపించుకోవాలి. డాక్టర్ దగ్గరకి వెళ్ళడం అవిశ్వాసం కాదు, ఎవరైనా అంటే ఏలీయా ప్రవక్త సంగతి చెప్పు. రాజులు మొదటి గ్రంథం 19లో చెట్టుకింద పడుకుని చచ్చిపోతే బాగుండు అన్నాడాయన, నిన్నగాక మొన్నే కర్మెలు కొండమీద ఆకాశం నుంచి అగ్ని దింపినవాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో లేపి తిండి పెట్టించాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ పెట్టించాడు. అసలు "ఇక్కడేం చేస్తున్నావు ఏలీయా" అన్న ప్రశ్న ఆ తర్వాత నలభై రోజుల ప్రయాణం అయ్యాక హోరేబు కొండ దగ్గర. మనవాళ్ళైతే చెట్టుకిందే మొదలుపెట్టేవాళ్ళు.

ఇంట్లో ఒక్కళ్ళకైనా చెప్పు, మీ ఆయనకి చెప్పగలవా? "నాకోసం ఈ నెల నువ్వు ప్రార్థన చేయి, నావల్ల కావట్లేదు" అని, అంతే. పక్షవాతం ఉన్నవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు తీసి దింపారు కదా, యేసు వాళ్ళ విశ్వాసం చూశాడు అని ఉంటుంది మార్కు రెండులో, వాడి విశ్వాసం అని విడిగా లేదు. కొన్ని నెలలు మంచంమీద ఉండటం తప్పు కాదు. పిల్లలు ఏమనుకుంటారో అన్నావు, అమ్మకి కూడా ప్రార్థన కష్టమవుతుంది అయినా మానదు అని తెలుసుకుంటారు, రేపు వాళ్ళకి అలాంటి ఏడాది వచ్చినప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: మా ప్రేయర్ గ్రూప్‌లో ఒకరి సమస్య ఇంకొకరికి "ప్రేయర్ పాయింట్" అని చెప్పుకుంటాం. అది తప్పా?

ఆ కొటేషన్ మార్కులు నువ్వే పెట్టావు, జవాబు నీకు తెలుసు. ఒక చిన్న పరీక్ష ఉంది, చెప్పాక నిజంగా ప్రార్థన జరిగిందా, లేక "అయ్యో పాపం, ఇంతకీ వాళ్ళాయన ఏమన్నాడంట" దగ్గరే ఆగిందా? ప్రార్థనకి అంత వివరం అక్కర్లేదు, దేవుడికి వీధి పేరూ, ఎవరు ఎవరితో ఏమన్నారన్నదీ మనం చెప్తే తప్ప తెలియనట్టు. "ఒక కుటుంబం ఇబ్బందిలో ఉంది" అంటే చాలు. ఆ సమస్య ఉన్న మనిషిని అడిగావా ఇది గ్రూప్‌లో పెట్టొచ్చా అని? అడగలేదంటే పెట్టకు. ఇది చిన్న తప్పు అనుకుంటాం గానీ దీనివల్ల జరిగే పెద్ద నష్టం ఇంకొకటుంది, ఆ గ్రూప్‌లో ఇంకెవరూ నిజం చెప్పరు. ఇందాక ఉత్తరం రాసిన చెల్లి ఏడాదిగా ఎందుకు నోరు విప్పలేదంటావు?

ప్రశ్న: సార్లకీ అక్కలకీ వందనాలు. నేను రోజుకి కనీసం రెండు గంటలు వాక్యం వింటాను, యూట్యూబ్‌లో ఐదారుగురు పెద్ద దైవజనుల చానళ్ళు ఫాలో అవుతా. తప్పుడు బోధల మీద కామెంట్లలో గట్టిగా నిలబడతాను. మా సంఘానికి వెళ్ళడం మానేసి ఎనిమిది నెలలైంది, అక్కడ లోతు లేదు, పైగా ఒక పెద్ద మాట పడ్డాను. విశ్వాసం వినుట వలన కలుగును అని ఉంది కదా, వింటున్నాను. కానీ ఈమధ్య ఇంట్లో అందరిమీదా కోపం వస్తోంది, ప్రార్థన చేయబుద్ధి కావట్లేదు. ఎందుకంటారు?

అన్నా, నేనొక్కదాన్నే ఇక్కడ, సార్లు ఎవరూ లేరు. మీరు రాసిన దాంట్లోనే కారణం ఉంది, మీరే ఆఖరి రెండు లైన్లకి ముందు వరుసగా పెట్టారు.

వినడం మంచిదే. బెరయ ఊరివాళ్ళు పౌలు మాటలు విని అవి అలాగే ఉన్నాయా అని రోజూ లేఖనాలు చూసుకునేవాళ్ళు, అపొస్తలుల కార్యాలు 17లో ఉంది. వాళ్ళు విన్నాక వెళ్ళి చూసుకున్నారు, మనం విన్నాక నెక్స్ట్ వీడియో వింటాం. రెండు గంటల్లో ఒక గంట తీసేసి, విన్న ఒక్క ప్రసంగంలో ఒక్క మాటని ఆరోజు ఇంట్లో చేసి చూడండి, భార్యతో మాట్లాడే పద్ధతిలో అయినా సరే. ఎంత కష్టమో తెలుస్తుంది. నాకైతే పది ప్రసంగాలు వినడమే తేలిక.

కామెంట్ల గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది. సత్యం కోసం నిలబడాలి, పౌలు కూడా వాదించాడు, గలతీయులకి రాసిన ఉత్తరం చూడండి ఎంత వేడిగా ఉంటుందో. కానీ ఆయన వాదించినవాళ్ళు ఆయనకి తెలిసినవాళ్ళు, వాళ్ళకోసం ప్రసవవేదన పడుతున్నా అన్నాడు ఆ ఉత్తరంలోనే. మీరు రాత్రి పదకొండింటికి మొహం తెలియని మనిషితో వాదించి గెలిచి పడుకున్నారనుకోండి, వాడికోసం ఒక్క నిమిషం ప్రార్థన చేశారా? చేయలేదంటే అది యుద్ధం కాదు, ఆట. ఆ ఆటలో వచ్చిన కోపమే పొద్దున లేచాక పిల్లలమీద దిగుతోంది, కోపానికి అడ్రస్ తెలీదు కదా, దగ్గర ఎవరుంటే వాళ్ళమీద పడుతుంది.

ఇక సంఘం. ఎవరో పెద్ద మాట అన్నారన్నారు, ఏమన్నారో రాయలేదు కాబట్టి దానిమీద తీర్పు చెప్పను. కొన్నిచోట్ల నిజంగా మనుషుల్ని నలిపేస్తారు, అలాంటి చోటు నుంచి బయటికి రావడం తప్పు కాదు, వేరే సంఘం వెతుక్కోవడం అవిశ్వాసం కాదు. కానీ ఎక్కడికీ వెళ్ళకపోవడం వేరే సంగతి. హెబ్రీ 10:25లో కూడుకోవడం మానేయడం కొందరికి అలవాటైందని ఉంటుంది, అది ఒకరోజు నిర్ణయం కాదని అప్పుడే తెలుసు వాళ్ళకి, ఒక ఆదివారం, ఇంకో ఆదివారం, తర్వాత వెళ్ళాలంటేనే మొహమాటం. స్క్రీన్‌లో ఉన్న దైవజనుడికి మీరు ఎనిమిది నెలలుగా కోపంగా ఉన్నారని తెలీదు. ఆ లోతులేని సంఘంలో పక్కన కూర్చునే ముసలాయన ఉన్నాడే, రెండు వారాల్లో పసిగట్టి "ఏం బాబూ అలా ఉన్నావు" అని అడిగేవాడు. లోతు అంటే మీరు ప్రసంగం అనుకుంటున్నారు, నేను ఆ ముసలాయన అనుకుంటున్నాను.

ఆ మాట అన్నవాళ్ళ దగ్గరకి వెళ్ళండి, మత్తయి 5లో యేసు అర్పణని బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడు అన్నాడు. అక్కడ "నీ మీద నీ సహోదరునికి విరోధం ఉంటే" అని ఉంది అనీ, ఇది రివర్స్ అనీ మీరు కామెంట్ పెడతారని తెలుసు, సరే 18వ అధ్యాయం చూడండి, నీ సహోదరుడు నీయెడల తప్పిదం చేస్తే నువ్వు వెళ్ళు అని ఉంది. ఎటు చూసినా వెళ్ళాల్సింది మనమే, ఏం చేస్తాం.

ప్రశ్న: ఆంటీ నాకు 15. రోజూ రాత్రి ఇంట్లో గంటసేపు ప్రేయర్. ఆ రోజు నేను చేసిన తప్పులన్నీ మమ్మీ దేవుడికి చెప్తుంది పైకి, నేను వినేలా. "ప్రభువా వీడు ఫోన్ వదిలేలా చెయ్యి" అని. నాకు దేవుడంటే కోపం లేదు కానీ ఆ గంటంటే చిరాకు. పెద్దయ్యాక ఇవన్నీ మానేస్తానేమో అని నాకే భయంగా ఉంది.

నాన్నా, నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. భయంగా ఉంది అని రాశావు కదా, అసలు విశ్వాసం లేనివాడికి ఆ భయం రాదు.

నీకు చెప్పేది కొంచెమే. నీదంటూ ఒక ప్రార్థన పెట్టుకో, మమ్మీ వినని చోట, మూడు నిమిషాలు, తలుపేసుకుని, మత్తయి 6లో యేసు చెప్పింది అదే. అందులో మమ్మీమీద కోపం కూడా చెప్పు, పర్లేదు. ఆ గంట ఎలా ఉన్నా ఈ మూడు నిమిషాలు నీవి.

ఇప్పుడు ఈ పేజీ మీ మమ్మీకి ఇవ్వు. అమ్మా, మీకు దేవుడితో మాట్లాడాలని ఉంటే దేవుడితో మాట్లాడండి, అబ్బాయితో మాట్లాడాలని ఉంటే అబ్బాయితో మాట్లాడండి, ఒకరికి చెప్పేది ఇంకొకరి మీదుగా వేస్తే ఇద్దరికీ చేరదు. గంట ఎక్కువ. పదిహేను నిమిషాలు చేయండి, ఒక పాట, కొన్ని వచనాలు, అందరూ ఒక్కో మాట. వారంలో ఒకసారి మీ తప్పు ఒకటి మీరు పైకి చెప్పండి, "ఇవాళ నేను అనవసరంగా అరిచాను, క్షమించు" అని, దేవుడికీ వాడికీ. పిల్లలకి గంట ప్రార్థన గుర్తుండదు, అది గుర్తుంటుంది. ద్వితీయోపదేశకాండం 6లో కూడా ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమని ఉంది, అంటే రోజంతా చిన్న చిన్నగా, అన్నీ కలిపి రాత్రి ఒక్క డోసుగా కాదు. నేను కూడా ఈ తప్పు చేశాను, నా పిల్లలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

ప్రశ్న: నేను పెద్ద పాపాలేం చేయను. వ్యాపారంలో చిన్న చిన్న అబద్ధాలు తప్పవు, "దారిలో ఉన్నా", "సరుకు రేపే", ఇలాంటివి. వీటివల్ల కూడా విశ్వాసం తగ్గుతుందా?

అబ్రాహాము సోదరుడి కొడుకు లోతు అని ఒకడున్నాడు, అతని సంగతి చూడండి. ఆదికాండం 13లో పాపానికి పేరుపడ్డ సొదొమ ఊరి దగ్గర గుడారం వేసుకున్నాడు, దగ్గరే, లోపల కాదు. 14కి వచ్చేసరికి సొదొమలో కాపురం ఉంటున్నాడు. 19లో సొదొమ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, అంటే ఊరి పెద్దమనుషుల్లో ఒకడు. ఏ రోజున మారాడో చెప్పండి? ఏ రోజూ లేదు. అబద్ధంతో ఇబ్బంది ఏంటంటే అవతలివాడు నమ్మడం కాదు, మన నోటికి మన మాటమీదే లెక్క పోతుంది, అదే నోటితో రాత్రి "ప్రభువా నీకు నన్ను నేను అప్పగించుకుంటున్నా" అంటాం, అది కూడా "దారిలో ఉన్నా" లాగే వినపడుతుంది మనకే. ఒక వారం ప్రయత్నించండి, బయల్దేరకపోతే "ఇంకా బయల్దేరలేదు, లేటవుతుంది" అనండి. తిడతారు. రెండోసారి కూడా తిడతారు. ఆ తర్వాత మీరు "రేపు" అంటే రేపే అని నమ్మడం మొదలుపెడతారు. వ్యాపారానికి కూడా మంచిదే అది, అయితే అందుకోసం చేయకండి.

ప్రశ్న: (పేరు, ఊరు వద్దు.) ఒక అలవాటు ఉంది, రాత్రిపూట ఫోన్‌లో. మానేస్తానని ప్రమాణం చేస్తా, పదిరోజులు ఉంటా, పడిపోతా. పడిపోయిన రోజు ప్రార్థన చేయడానికి మొహం చెల్లదు, కనీసం మూడు నాలుగు రోజులు మంచిగా ఉన్నాక చేద్దాంలే అని ఆగుతా. ఆ మూడు నాలుగు రోజుల్లోనే మళ్ళీ పడతా. పాపం చేసిన రోజు ప్రార్థన చేయొచ్చా?

ఆ రోజే చేయాలి, ఆ నిమిషమే.

నీ ఉత్తరంలో అలవాట్లు రెండున్నాయి. ఒకటి రాత్రి ఫోన్. రెండోది ఆ మూడు నాలుగు రోజులు ఆగడం. నువ్వు మొదటిదానితో పోట్లాడుతున్నావు, రెండోదాన్ని భక్తి అనుకుంటున్నావు. నాకు చూస్తే రెండోదే మొదటిదానికి మేత వేస్తున్నట్టుంది, ఎందుకంటే సరిగ్గా సహాయం కావాల్సిన రోజుల్లోనే నువ్వు ప్రార్థన గది తలుపు వేసేస్తున్నావు. ఆదాము చేసింది కూడా అదే, తిన్నాడు, తర్వాత చెట్ల వెనక దాక్కున్నాడు. దేవుడు వచ్చి అడిగిన మొదటి మాట ఎందుకు తిన్నావు అని కాదు, ఎక్కడ ఉన్నావు అని. జ్వరం తగ్గాక ఆసుపత్రికి వస్తానన్న మనిషికి ఏం చెప్తాం చెప్పు. యేసు ఎవరో తెలీదన్న పేతురు, ఆయన్ని పట్టించిన యూదా ఇద్దరూ ఒకే రాత్రి పడిపోయారు, ఇద్దరూ ఏడ్చారో బాధపడ్డారో ఏదో ఒకటి చేశారు, ఒకడు ఒంటరిగా వెళ్ళిపోయాడు, ఇంకొకడు మిగతావాళ్ళ మధ్య ఉండిపోయాడు, అందుకే ఆదివారం పొద్దున సమాధి ఖాళీగా ఉందన్న కబురు వచ్చినప్పుడు అక్కడున్నాడు.

ఇక ఫోన్. ప్రమాణాలు ఆపేయ్, అవి పనిచేయట్లేదని నీకే తెలిసింది. రాత్రి ఫోన్ నువ్వు పడుకునే గదిలో ఉండకూడదు, అలారానికి గడియారం పెట్టుకో. ఇది చాలా మామూలు సలహాలా ఉంటుంది గానీ పోరాటం పదకొండింటికి మొదలుపెడితే గెలవడం కష్టం, తొమ్మిదింటికి ఫోన్ హాల్లో పెట్టేయడం తేలిక. తర్వాత ఒక్క మనిషికి చెప్పు. గ్రూప్‌కి కాదు, ప్రేయర్ పాయింట్‌గా కాదు, నోరు జారని మనిషి ఒకళ్ళు, నీకన్నా పెద్దవాళ్ళైతే మంచిది, మగవాడివైతే మగవాడికి, ఆడపిల్లవైతే ఆడమనిషికి. యాకోబు 5:16లో మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి, ఒకరికోసం ఒకరు ప్రార్థన చేయండి అని ఉంది, స్వస్థత పొందేలా అని ఉంది. క్షమాపణ దేవుడి దగ్గర ఒంటరిగానే దొరుకుతుంది, కానీ ఇలాంటి అలవాట్లు ఇంకో మనిషికి తెలిసేదాకా వదలడం నేను తక్కువ చూశాను.

ఎలా మొదలుపెట్టాలో తెలీకపోతే ఈ పేజీలో నీ ప్రశ్న చూపించి "ఇది నేనే రాశాను" అను. మిగతాది వాళ్ళే అడుగుతారు.